పురుగూ పుట్రా ఉండనిద్దాం: ఊళ్లో, కాలనీలో కీటకాలను కాపాడుకునే పద్ధతి

ఆరుద్ర కార్తె వచ్చినా ఆరుద్ర పురుగు కనబడటం లేదని, తొలకరికి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు తగ్గాయని, పిల్లలకు మిణుగురుల్ని చూపిద్దామంటే ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియడం లేదని పెద్దవాళ్లు ఏ ఊళ్లోనైనా అంటూనే ఉంటారు. ఆరుద్ర పురుగు అసలు కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలెపురుగుకు చుట్టం. అయినా దాని కష్టం, మిగతావాటి కష్టం ఒకటే.

జర్మనీలో క్రెఫెల్డ్ అనే ఊరి కీటక సంఘం వాళ్లు 63 రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలు కట్టి, పడిన పురుగుల్ని ఏళ్ల తరబడి తూకం వేశారు. ఎగిరే పురుగుల తూకం 27 ఏళ్లలో 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో ఆ లెక్కలు బయటికి వచ్చాయి. మందు కొట్టే పొలాల మధ్యలో కాదు, కాపాడుతున్న చోట్లలోనే ఈ సంగతి! అంత ఓపిగ్గా, అంత కాలం పెట్టిన లెక్కలు మన దేశంలో చాలా తక్కువ. అందుకని చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. కీటకాల బతుకు వేటివల్ల కష్టమవుతోందో తెలుసు: మందులు, పువ్వు లేని నేల, సిమెంటు, రాత్రంతా వెలిగే దీపాలు. వీటిలో చాలావరకు మన వీధి చేతిలోనే ఉన్నాయి.

వీధి అని ఊరికే అనడం లేదు. ఒక ఇంట్లో నాలుగు కుండీలు పెట్టి, చుట్టూ ఉన్న నలభై ఇళ్లలో మందు కొడుతుంటే ఆ కుండీలకు వచ్చిన తేనెటీగ తిరిగి గూటికి చేరదు. మట్టిలో, కట్టెలో ఒంటరిగా గూడు పెట్టుకునే చిన్న తేనెటీగలు సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. వాటికి తిండి, గూడు, నీళ్లు ఆ కాస్త మేరలోనే దొరకాలి. కాబట్టి అర కిలోమీటరును ఒక్క తోటగా లెక్కేసుకుని పని మొదలుపెట్టాలి. కింద చెప్పిన వరుస కూడా అందుకే: మొక్కలు నాటడం మధ్యలో ఎక్కడో వస్తుంది. చాలామంది దానితోనే మొదలుపెట్టి, దానితోనే ఆపేస్తారు.

1. పటం గీయండి

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తీసి, మీ ఇంటి చుట్టూ అర కిలోమీటరు మేర చూడండి. తెల్ల కాగితం మీద ఉజ్జాయింపుగా గీసుకుని నాలుగు రకాల చోట్లు గుర్తుపెట్టండి. ఒకటి, మట్టి కనబడే చోట్లు: ఖాళీ ప్లాట్లు, చెరువు కట్ట, బడి ఆవరణ, గుడి వెనక, శ్మశానం, రైల్వే పట్టాల పక్క, కాలువ గట్టు. రెండు, పాత చెట్లు. మూడు, మందు వాడే చోట్లు: పార్కు, అపార్ట్‌మెంట్ లాన్, పొలాలు. నాలుగు, రాత్రంతా వెలిగే లైట్లు.

తెలంగాణ పల్లెల్లో పల్లె ప్రకృతి వనం ఉంటుంది, పంచాయతీ నర్సరీ ఉంటుంది. వాటిని కూడా పటంలో పెట్టండి. తర్వాత పనికొస్తాయి. శ్మశానాన్ని మాత్రం మరిచిపోకండి. మనుషులు ఎక్కువ తిరగని, ఎవరూ దున్నని నేల ఊళ్లో అదొక్కటే ఉంటుంది. కొన్ని ఊళ్లలో మిగిలిన మంచి తుప్పలన్నీ అక్కడే.

2. మార్చకముందే లెక్క పెట్టండి

ఇది విసుగు పుట్టించే పనే. కానీ ఇది లేకపోతే రెండేళ్ల తర్వాత "ఏం ఒరిగింది?" అని అసోసియేషన్ మీటింగులో ఎవరైనా అడిగితే సమాధానం ఉండదు.

పద్ధతి తేలిక. పూసి ఉన్న ఒక మొక్కనో, ఒక చదరపు మీటరు గడ్డినో ఎంచుకోండి. ఎండ ఉండి, గాలి తక్కువగా ఉన్న పూట, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్యలో పది నిమిషాలు కూర్చోండి. పువ్వు మీద వాలినవాటిని రకాలవారీగా గీతలు గీస్తూ లెక్కపెట్టండి: తేనెటీగలు, నల్ల తుమ్మెదలు, ఇతర చిన్న ఈగలు, కందిరీగలు, సీతాకోకచిలుకలు, పెంకు పురుగులు. పేర్లు తెలియకపోతే టెన్షన్ పడక్కర్లేదు, ఆకారం చాలు. తేదీ, టైమ్, మొక్క పేరు, ఎండా మబ్బా రాయండి. నెలకోసారి, అదే మొక్క దగ్గర, అదే వేళకు.

రాత్రి పురుగుల కోసం తెల్ల దుప్పటి ఒకటి దండెం మీద ఆరేసి, దాని ముందు బల్బు వెలిగించి గంటసేపు చూడండి. పిల్లల్ని కూర్చోబెడితే ఈ పని వాళ్లే చేసేస్తారు. బడిలో ఎకో క్లబ్ ఉంటే సైన్స్ టీచర్‌తో మాట్లాడండి. ఫొటోలు తీసి ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి వెబ్‌సైట్లలో పెడితే పేరు తెలిసినవాళ్లు చెబుతారు. సెప్టెంబరులో దేశమంతా సీతాకోకచిలుకల మాసం జరుపుతారు, జులైలో రాత్రి చిమ్మెటల వారం ఉంటుంది. పిల్లల్ని పోగుచేయడానికి అవి మంచి సాకు.

3. మందులు తగ్గించడం (అన్నింటికన్నా పెద్ద పని)

మిగతావన్నీ కలిపి ఎంతో, ఇదొక్కటీ అంత. దీన్ని మూడు వాడకాలుగా విడదీసి చూస్తే మాట్లాడటం సులువవుతుంది.

మొదటిది దోమల పొగ. ఫాగింగ్ ఎగురుతున్న దోమను చంపుతుంది, దారిలో ఎగురుతున్న మిగతావాటినీ చంపుతుంది. నీళ్లలో ఉన్న గుడ్లనూ పిల్లలనూ ముట్టుకోదు. గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా వారం, పది రోజులు పడుతుంది. అందుకే ప్రభుత్వం శుక్రవారం డ్రై డే అంటుంది: వారానికోసారి తొట్లు, కూలర్లు, టైర్లు, పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే వంచేస్తే ఆ వారపు దోమల పంట పోయినట్టే. మీ వీధిలో శుక్రవారం పొద్దున అరగంట అందరూ ఈ పని చేసేలా చూసుకుని, ఆ తర్వాతే "మాకు ప్రతి వారం పొగ వద్దు" అని అడగండి. ముందు అడిగితే ఎవరూ వినరు, వినకపోవడం న్యాయం కూడా. డెంగీ కేసులు వచ్చినప్పుడు ఆరోగ్య సిబ్బంది పొగ పెడతామంటే అడ్డుపడొద్దు. ఖాళీ చేయలేని నీటి గుంటల్లో బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వేయించవచ్చు, అది ముఖ్యంగా దోమ పిల్లల మీదే పనిచేస్తుంది. గంబూషియా చేపలు ఇస్తామంటే సిమెంటు తొట్టి వరకు సరే. చెరువులోనో వాగులోనో వదిలితే అవి దోమ పిల్లలతో పాటు తూనీగ పిల్లల్నీ కప్ప పిల్లల్నీ తినేస్తాయి. నీళ్లలో పెరిగే తూనీగ పిల్ల దోమ పిల్లను వేటాడేదే, రెక్కలొచ్చాక కూడా తూనీగ దోమల్ని తింటుంది. దాన్ని పోగొట్టుకోవడం మనకే నష్టం.

రెండోది గడ్డిమందు. పొలం గట్లు, రోడ్డు అంచులు, ఖాళీ ప్లాట్ల మీద కొట్టే గడ్డిమందు నేరుగా పురుగును చంపకపోవచ్చు, దాని అన్నాన్ని చంపుతుంది. గడ్డి చామంతి, తుమ్మి, వాయింట, అత్తిపత్తి, గునుగు అన్నీ మనం కలుపు అని పేరు పెట్టినవే, అన్నిటికీ ఈగలూ సీతాకోకచిలుకలూ వస్తాయి. బతుకమ్మ పండుగకు గునుగు పువ్వు కోసం ఇప్పుడు ఎంత దూరం పోవాల్సి వస్తోందో తెలంగాణ ఆడవాళ్లను అడగండి. మహిళా సంఘంలో కీటకాల గురించి ఉపన్యాసం ఇవ్వడం కన్నా "చెరువు కట్ట మీద ఈ ఏడు గడ్డిమందు ఆపిస్తే గునుగు, తంగేడు ఇక్కడే దొరుకుతుంది" అని చెప్పండి. వెంటనే అందుతుంది.

మూడోది పురుగుమందు. ఊరంతా ఒకేసారి మానేయాలని మొదలుపెట్టకండి, చేసిన ఊళ్లు ఉన్నా సరే. పాల్వంచ దగ్గరి పునుకుల 2003 ప్రాంతంలోనే పురుగుమందులు వద్దనుకుంది. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనెబావి ఆ తర్వాత రసాయనాలే లేని ఊరిగా పేరు తెచ్చుకుంది. అక్కడ రైతులు వేప గింజల కషాయం, పురుగుల్ని తమవైపు లాగే ఎర పంటలు, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు అంటూ ఏళ్లకేళ్లు పద్ధతి మార్చుకుంటూ వచ్చారు. పక్కన నిలబడి నేర్పినవాళ్లు ఉన్నారు. మీ వీధి స్థాయిలో ముందు ఈ నాలుగు విషయాలకు ఒప్పించగలిగితే చాలా నయం:

- పూత మీద ఉన్న పంటకు, చెట్టుకు మందు కొట్టకూడదు. తప్పదంటే సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టాలి. ఇది వేపనూనెకూ వర్తిస్తుంది.
- పురుగు కనబడగానే కాదు, నష్టం కనబడ్డాకే ఆలోచించాలి. చిక్కుడు తీగ మీద పేనుబంక పట్టినప్పుడు ఒక వారం ఆగి చూడండి. ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగులు, వాటి మొసలి ఆకారపు పిల్లలు వచ్చి పేను తింటుంటాయి. ఆ పిల్లల్నే చీడ అనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది.
- డబ్బా మీద త్రికోణం రంగు చూసి మోసపోకూడదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనేవి మనుషుల్లాంటి జీవులకు ఎంత విషమో చెప్పే గుర్తులు. ఆకుపచ్చ త్రికోణం ఉంటే తేనెటీగకు మేలని కాదు.
- ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటివి మొక్క లోపలికంతా పాకి, పుప్పొడిలోకి, తేనెలోకి కూడా చేరతాయి. ఐరోపా సమాఖ్య 2018లో ఈ రకం మందులు మూడింటిని ఆరుబయట పంటల్లో వాడొద్దని ఆపేసింది. ఇంటి తోటకు వీటి అవసరం అసలు లేదు. నర్సరీలో కొన్న మొక్కకు ఏ మందు కొట్టారో అడగండి. తెలియదంటే పువ్వులు తుంచేసి కొన్నాళ్లు పెంచి, ఆ తర్వాత పూయనివ్వండి.

పశువులున్న ఊళ్లలో ఇంకొకటి. నట్టల మందు వేసిన పశువు పేడలో ఆ మందు కొన్ని రోజులు మిగులుతుంది. ఐవర్‌మెక్టిన్ లాంటివి పేడపురుగు పిల్లల్ని చంపుతాయి. మందంతటినీ ఒకే రోజు అన్ని పశువులకూ వేయకుండా, పేడ పరీక్ష చేయించి అవసరమైనవాటికే వేయమని పశువైద్యుడిని అడగవచ్చు.

4. కొంత జాగాను కోయకుండా వదలండి

గుర్తించిన ఖాళీ చోట్లలో ఒకటో రెండో ఎంచుకోండి. మొత్తం వదిలేయనక్కర్లేదు. సగం కోసి సగం ఉంచడం, వచ్చేసారి అటుది ఇటు మార్చడం మంచి పద్ధతి. విత్తనం రాలాక, అంటే కార్తీకం దాటాక కోస్తే వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది. కోసింది తగలబెట్టొద్దు, ఓ మూలకు నెట్టండి.

పాముల భయం అని అంటారు. అది ఉత్తి సాకు కాదు, నిజమైన భయమే. ఇళ్ల గోడల నుంచి, నడిచే దారుల నుంచి రెండు మూడు మీటర్ల మేర గడ్డి పొట్టిగా కోయించండి, చెత్తకుప్పలు, ఎలుకలు లేకుండా చూడండి. వదిలే జాగా దానికి అవతల ఉండాలి. చుట్టూ తాడు కట్టి, "ఇది పూల గడ్డి, కోయకండి" అని ఒక బోర్డు పెట్టండి. బోర్డు లేకపోతే మీరు లేని రోజు ఎవరో పుణ్యాత్ముడు వచ్చి నున్నగా చెక్కించేస్తాడు.

అన్ని కలుపుల్నీ వదలమని కాదు. వయ్యారిభామను ఉంచొద్దు. వాన పడి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకండి. దాని ఆకుల్ని గోధుమ గీతల లేత రంగు పెంకు పురుగు తింటుంటే మాత్రం ఆ మొక్కల్ని కొన్ని వదిలేయండి. అది జైగోగ్రామా, వయ్యారిభామను తినడానికే తెప్పించిన పురుగు.

5. మొక్కలు: పువ్వు ఒక్కటే చాలదు

సీతాకోకచిలుకల తోట అని చెప్పి పూలమొక్కలే నాటిస్తారు. పువ్వు రెక్కలొచ్చిన దానికి. పిల్లకు కావాల్సింది ఆకు, అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు కాదు.

కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి లేత ఆకుల అంచు చూడండి. ఆవగింజంత పసుపు గుడ్డు కనబడుతుంది. అది చిట్లాక వచ్చే పిల్ల నలుపూ తెలుపూ కలిసి, అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు తినకుండా వేసుకున్న వేషం అది. కొన్నాళ్లకు చర్మం విడిచి ఆకుపచ్చగా బొద్దుగా తయారవుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జత బయటికి వస్తుంది, వాసన కూడా వస్తుంది. మూడు వారాల్లో నాలుగు రెమ్మలు తింటుంది. తిననివ్వండి. ఆ నాలుగు రెమ్మల వెలే నల్ల రెక్కల మీద తెల్ల మచ్చలతో పెరడంతా తిరిగే సీతాకోకచిలుక.

ఇలాంటి జోడీలు తెలిసి ఉంటే నాటడం సులువు. నిమ్మ, కరివేపాకు, మారేడు ఒక గుంపుకు. జిల్లేడు నల్ల అంచుల నారింజ సీతాకోకచిలుకకు. గన్నేరు నల్ల గోధుమ రంగు దానికి. తంగేడు, రేల లేత పసుపు రెక్కలవాటికి. ఆముదం, రణపాల, ఈశ్వరి తీగ ఒక్కోటి ఒక్కో రకానికి. సీతాఫలం, వీధుల్లో నిటారుగా పెంచే అశోక చెట్లు ఆకుపచ్చ మచ్చల సీతాకోకచిలుకకు. జిల్లేడు ఇంటి ముందు ఉంటే మంచిది కాదని కొందరంటారు. వాళ్లతో వాదం వద్దు, ఖాళీ ప్లాటులో వదలండి.

ఇక పువ్వు. ఏడాదిలో ఏ నెలా ఖాళీగా పోకుండా చూడటమే అసలు పని. ఎండాకాలంలో చెట్లు ఆదుకుంటాయి: ఉగాదికి వేప, తర్వాత కానుగ, నేరేడు, రేల, వానలకు ముందు చింత. చలికాలంలో మామిడి పూత, కంది, ధనియాలు, ఆవాలు. మధ్యలో వానలు ముదిరిన నెలలే తేనెటీగలకు ఆకలి కాలం. అందుకే గట్లమీది గడ్డి పూలు, తుమ్మ, నువ్వు, తంగేడు అప్పుడు ఉండాలి. బంతి వేసేటప్పుడు ముద్దబంతి కన్నా రేకబంతి, ముద్దమందారం కన్నా ఒంటిరేకుల మందారం మేలు. రేకులన్నీ ముద్దగా ఉన్న పువ్వులో ఈగకు తినడానికి ఏమీ దొరకదు. రోడ్డు మధ్యలో దట్టంగా నాటిన కోనోకార్పస్‌ను చూసి పచ్చదనం అనుకుంటాం కానీ, కీటకానికి అందులో పెద్దగా ఏమీ లేదు. కొత్తగా నాటేటప్పుడు దాన్ని తప్పించి కానుగ అడగండి.

కూరగాయలు వేసేవాళ్లకు ఇదంతా పరోపకారం కాదు. వంగ పువ్వు మధ్యలో పసుపు గొట్టాలు ఉంటాయి కదా, వాటి పుప్పొడి కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రావాలి. నల్ల తుమ్మెద గానీ, పొట్టమీద నీలి పట్టీలుండే చిన్న ఈగ గానీ పువ్వును కాళ్లతో పట్టుకుని ఒళ్లంతా గట్టిగా అదిరిస్తుంది. జుయ్‌మని చప్పుడు వినబడుతుంది, పుప్పొడి రాలుతుంది. టమాటాకూ అదే. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. బీర, సొర, పొట్ల పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రి తిరిగే చిమ్మెటల కోసం. ఆడ పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే ఎరువు లోపమని పరుగెత్తకుండా, పువ్వు మీద ఎవరైనా వాలుతున్నారా చూడండి. పొద్దుతిరుగుడు రైతులు ఈగలు లేక పొద్దున్నే మెత్తని గుడ్డతో పువ్వులు రుద్దే రోజులు వచ్చాయి. ఎకరానికి ఆ కూలీ ఎంతో లెక్కేసి చెప్పండి, గట్టుమీది పువ్వుల విలువ అప్పుడు అర్థమవుతుంది.

తేనెటీగల పెట్టెల గురించి ఒక మాట. తేనె కోసం పెట్టుకుంటే మంచిదే. కానీ పెట్టెల్లో పెంచే ఈగలు పాడి పశువుల కోవలోకే వస్తాయి, వాటిని తెచ్చిపెట్టడంతో ఊరి కీటకాలను కాపాడినట్టు కాదు. పువ్వులు తక్కువగా ఉన్న చోట అవి అడవి ఈగలకు పోటీ కూడా.

6. గూడు

ప్రపంచంలోని తేనెటీగ జాతుల్లో సుమారు మూడొంతుల దాకా పట్టు కట్టవు, మట్టిలో బొరియ చేసుకుంటాయి. మనమేమో గేటు నుంచి గుమ్మం దాకా టైల్స్ వేసేశాం, చెట్టు మొదట్లో కూడా సిమెంటు పోసేశాం. ఎండ తగిలే, నీళ్లు నిలవని చోట మంచం పరిచేంత నేలను తవ్వకుండా, కప్పకుండా వదలండి. సన్నటి రంధ్రాలు, పక్కన చిన్న మట్టి కుప్పలు కనబడితే పని మొదలైనట్టే. కూలిపోయిన మట్టి గోడ ఉంటే దాన్నీ ఉండనివ్వండి.

కట్టె గూళ్లకు పద్ధతి ఇది. వెదురు, ఎండిన ఆముదం కాడలు జానెడు ముక్కలుగా కోయండి. ఒక చివర కణుపుతోనో మట్టితోనో మూసి ఉండాలి. రంధ్రం మూడు నుంచి పది మిల్లీమీటర్ల మధ్యలో రకరకాలుగా ఉంటే మంచిది, అంచు నున్నగా ఉండాలి, చీలికలు రెక్కలు చింపుతాయి. కట్టగా కట్టి చూరు కింద, తూర్పుకు తిప్పి, ఊగకుండా బిగించండి. మన ఎండలకు పడమటి ముఖం పనికిరాదు. వాన తడవకూడదు. మూతలు పడిన ముక్కల్లోంచి ఈగలు బయటికి వచ్చాక పాతవి తీసి కొత్తవి పెట్టండి, లేదంటే బూజు, పురుగు చేరతాయి. దుకాణాల్లో అమ్మే అందమైన కీటకాల హోటళ్లలో పైన్ కాయలు, గడ్డి కుక్కి ఉంటాయి. చూడటానికి బాగుంటాయి, అంతే.

గోడ మూల కందిరీగ కట్టిన మట్టి గూడును గీకేయకండి. అది లోపల పెట్టుకునేది మీ తోటలోని గొంగళి పురుగుల్నో సాలెపురుగుల్నో. తుమ్మెద గూట్లో పెట్టిన పురుగు చివరికి తుమ్మెదే అయిపోతుందనే భ్రమర కీటక న్యాయం పెద్దలు చెప్పింది దీన్ని చూసే. పురుగు తుమ్మెదైపోవడం మాట అటుంచి, లోపల జరిగేది మాత్రం భోజనమే.

రాలిన ఆకుల్ని చెట్టు కింద అలాగే ఉంచండి. మిణుగురు పిల్లలు రెక్కలొచ్చేముందు నెలల తరబడి తేమ మట్టిలో, ఆకుల కింద నత్తల్ని తింటూ బతుకుతాయి. ఊడ్చి తగలబెట్టే చోట అవి మళ్లీ రావు. పొలంలో కొయ్యకాళ్లు తగలబెట్టడం కూడా ఇదే.

7. నీళ్లు

వేసవిలో వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి, రాళ్లు మునిగిపోకుండా పైభాగం బయటికి కనబడేంత వరకే నీళ్లు పోసి నీడలో పెట్టండి. రోజూ మార్చండి. ఒక మూల ఇసుక తడిపి ఉంచితే ఉప్పు కోసం సీతాకోకచిలుకలు గుంపుగా వాలతాయి.

8. దీపాలు

తెల్లటి ఎల్‌ఈడీ వెలుతురు రాత్రి పురుగుల్ని ఎక్కువగా లాగుతుంది. అవి తిండి, జత వదిలేసి తెల్లారేదాకా దాని చుట్టూ తిరిగి చస్తాయి. మిణుగురులకైతే ఆ వెలుతురులో ఒకదాని సైగ ఒకదానికి కనబడదు. ఇంటి బయట బల్బు పసుపు రంగుది పెట్టండి, కిందికి మాత్రమే వెలుతురు పడేలా కప్పు ఉండాలి. మనిషి అలికిడికి వెలిగే సెన్సర్ ఉంటే ఇంకా మంచిది. కాలనీ పార్కులో రాత్రి పది తర్వాత అలంకారపు లైట్లు ఆపించండి. భద్రత కోసం అవసరమైన వీధి దీపం జోలికి పోవద్దు, అక్కడ గొడవ పెట్టుకుంటే మొత్తం పని పాడవుతుంది. పొలాల్లో దీపపు ఎరలు వాడేవాళ్లు రాత్రంతా కాకుండా, చీకటి పడ్డాక రెండు మూడు గంటలే వెలిగిస్తే మేలు చేసే పురుగులు కొన్ని మిగులుతాయి.

9. పెద్ద తేనెపట్టు వచ్చినప్పుడు

అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ కింద, రావి కొమ్మకు పెద్దపట్టు కట్టగానే వాట్సాప్ గ్రూపులో కలకలం మొదలవుతుంది. రాత్రి కాగడా పెట్టి కాల్చేయడం మామూలైపోయింది. ఈ ఈగలు వలస జీవులు, కొన్ని నెలలుండి తామే వెళ్లిపోతాయి. పట్టు ఎత్తులో ఉండి మనుషుల దారికి దూరంగా ఉంటే వదిలేయడమే ఉత్తమం. ఆ వైపు కిటికీలకు దోమల జాలీ కొట్టించండి, రాత్రి ఆ వైపు లైట్లు ఆపండి, వెలుతురుకు అవి ఇళ్లలోకి వస్తాయి. పట్టు కింద పొగ, బాణసంచా, రాళ్లు వద్దు.

పసిపిల్లల బడి గుమ్మం మీదో, చేతికి అందే ఎత్తులోనో ఉంటే పని తెలిసినవాళ్లను పిలిపించి తీయించాల్సిందే. ఇందులో మొహమాటం అక్కర్లేదు, ఈ ఈగలు మూకుమ్మడిగా దాడి చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వెంటపడితే చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని పరుగెత్తి గదిలో దూరి తలుపేసుకోవాలి. ముల్లును వెంటనే గోటితో గీకేయాలి. చాలా చోట్ల కుట్టినా, ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా నేరుగా ఆసుపత్రికే.

10. కాగితం మీదికి ఎక్కించండి

ఇద్దరు ముగ్గురి ఉత్సాహంతో నడిచేది వాళ్లు ఇల్లు మారగానే ఆగిపోతుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి, మున్సిపాలిటీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి జీవజాలాన్ని రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. పంచాయతీ కార్యదర్శిని అడిగి అది ఎక్కడుందో చూడండి. చాలా చోట్ల బీరువాలో ఉంటుంది. పురుగుల పేజీ ఖాళీగా ఉంటే మీ లెక్కలు అందులోకి ఎక్కించమనండి. కమిటీలో సభ్యులెవరో వాళ్లకే గుర్తు లేకపోవచ్చు, నొప్పించకుండా గుర్తుచేయండి.

గ్రామసభలో పెట్టే తీర్మానం చిన్నగా ఉండాలి. ఇలా రాయవచ్చు: "మన పంచాయతీ పరిధిలో చెరువు కట్ట, రోడ్డు అంచులు, బడి ఆవరణ, శ్మశానవాటికలో గడ్డిమందు వాడరాదు. గడ్డి కోత కార్తీక మాసం తర్వాత సగం సగంగా జరపాలి. పంచాయతీ నర్సరీలో వచ్చే ఏడాది తంగేడు, కానుగ, కరివేపాకు, రేల మొక్కలు పెంచాలి. ప్రతి శుక్రవారం డ్రై డే వార్డు సభ్యుల బాధ్యత." అపార్ట్‌మెంట్ అయితే మాలితో, హౌస్‌కీపింగ్ వాళ్లతో ముందు మాట్లాడండి. సెక్రటరీ ఒప్పుకున్నా పని చేసేది వాళ్లే. గడ్డిమందు మానేస్తే చేత్తో పీకే పని వాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఆ అదనపు గంటలకు డబ్బు ఎవరిస్తారో మీటింగులోనే తేల్చండి.

మొదటి ఏడాది లెక్కలో తేడా పెద్దగా రాకపోవచ్చు. వాన ఆలస్యమైన ఏడు పురుగులు సహజంగానే తక్కువ, ముందే పడిన ఏడు ఎక్కువ. అందుకే వదిలేసిన జాగా దగ్గర ఒక లెక్క, మామూలుగా కోసే జాగా దగ్గర ఒక లెక్క పక్కపక్కనే రాస్తూ పోండి. రెండు వరుసల మధ్య తేడా చూడాలి, ఒక్క వరుస చూసి సంబరపడటం గానీ దిగులుపడటం గానీ వద్దు. ముందుగా పెరిగేవి సాధారణంగా గడ్డి పూల మీది చిన్న ఈగలు, సీతాకోకచిలుకలు. మట్టి గూళ్ల ఈగలు ఆ తర్వాత. మిణుగురులకు ఇంకా సమయం పడుతుంది, దగ్గర్లో ఎక్కడా మిగలకపోతే అవి రాకపోవచ్చు కూడా. మూడో ఏడు కూడా రెండు వరుసలూ ఒకేలా ఉంటే ముందు మందు సంగతి చూడండి: పటంలో గుర్తుపెట్టిన చోట్లలో ఎవరో ఇంకా కొడుతూ ఉంటారు.